దారం మందం

బేకలైట్ పలకకు డ్రిల్ బిట్టు తగిలినప్పుడు ఒక వాసన వస్తుంది. కాలిన ప్లాస్టిక్ వాసన కాదది. ఆసుపత్రి వరండాలో నేల తుడిచి వెళ్ళిపోయాక కాసేపు నిలిచే మందు ఘాటు లాంటిది. మొన్న పొద్దున ఎల్బీనగర్‌లోని నా చిన్న దుకాణంలో, ఎవరో పంపిన పాత స్టూడియో ఫ్లాష్ ప్లగ్గుకు కొత్త బిళ్ళ కోస్తుంటే ఆ వాసన గదంతా నిండింది. ఈ పని పదేళ్ళకు పైగా చేస్తున్నాను, ఆ వాసన నాకు కొత్త కాదు. అయినా ఆ రోజు వాన పడుతోంది, కిటికీలు మూసి ఉన్నాయి, అది బయటికి పోలేదు. డ్రిల్ ఆపి కూర్చున్నాను. యాదగిరి సార్ గొంతు గుర్తొచ్చింది. ఆయన్ని ఎరగని వాళ్ళకు ఆయన గురించి చెప్పాలంటే, నేను తప్పు చేసిన ఒక కొలత గురించి చెప్పాలి.

సార్ స్టూడియో దిల్‌సుఖ్‌నగర్ బస్ డిపోకి దగ్గర్లో, కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య దాక్కున్నట్టుండే ఇరుకు మెట్లెక్కితే వచ్చేది. నేను అందులో పాస్‌పోర్టు ఫొటోలు ప్రింటు తీసి కత్తిరించే పనికి చేరాను. మాది తెనాలి దగ్గర పల్లె, పెళ్ళయి గడ్డిఅన్నారం వచ్చాం. ఇంటర్ మధ్యలోనే చదువు ఆగింది గాని లెక్కలు ఆగలేదు. కోచింగ్ సెంటర్ల వాళ్ళు పారేసిన ప్రశ్నపత్రాలు మిర్చిబజ్జీ బండి దగ్గర పొట్లాలయ్యేవి. బజ్జీ తినేసి, నూనె మరకల మధ్య కనిపించే లెక్క చేసిగాని ఆ పొట్లం పారేసేదాన్ని కాదు. అలా సగం సగం కాగితాల మీద నేర్చుకున్న దాన్ని కాబట్టి నా జవాబు తప్పని ఎవరైనా అంటే సహించేదాన్ని కాదు. బడి చెప్పిన లెక్క తప్పితే బడిది తప్పు. నా అంతట నేను నేర్చుకున్నది తప్పితే ఇంకెవరిని అనాలి?

సార్ పోచంపల్లి చేనేత కుటుంబం నుంచి వచ్చారు. "మగ్గం మా అన్నకిచ్చి కెమెరా నేను పట్టుకున్న. ఇద్దరం చీరెల మీదనే బతుకుతున్నం" అనేవారు. ఆయన ఫొటోల్లో ముఖ్యమైనవి మనుషులవి కాదు, చీరలవి. వాళ్ళ ఊరి నేతగాళ్ళు కొత్త డిజైన్లు నేసినప్పుడల్లా మూట కట్టి పంపేవారు. ఆయన వాటిని ఒక్కొక్కటిగా పరిచి, మూడు లైట్లు పెట్టి ఫొటోలు తీసి ఆల్బం చేసేవారు. ఆ ఆల్బం చూసే షాపుల వాళ్ళు ఆర్డర్లు ఇచ్చేవారు.

తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులవి. రోజూ పొద్దున సార్ చౌరస్తా దగ్గర దీక్షా శిబిరంలో ఓ గంట కూర్చుని, ఆ తర్వాత వచ్చి స్టూడియో తాళం తీసేవారు. నన్ను చూసి నవ్వేవారు. "ఇయ్యాల మీ మీద జర గట్టిగనే ఒర్లిన బిడ్డా. గడ్డిఅన్నారం దాక ఇనవడ్డదా?" అనేవారు. "పండ్ల మార్కెట్లో వేలంపాట అనుకున్నానండీ" అనేదాన్ని. "చాయ్ తాగుతవా?" "టీ తాగుతానండీ." "గదేంది, మా చాయ్ నీ గొంతుల దిగంగనే టీ అయితదా?" ఇలా ఉండేవి మా మాటలు. బయట గోడల మీద రాతలు వేరుగా ఉండేవి, బస్సులో వినపడే మాటలు వేరుగా ఉండేవి. ఎవరు ఏమన్నారో నేను మనసులో లెక్క పెట్టుకునేదాన్ని. సార్‌కి ఆ సంగతి తెలుసో లేదో నాకు తెలియదు.

ఆయన ఫ్లాష్ విదేశంలో తయారైన పాత సెట్టు. ఇనప్పెట్టె అంత బరువైన డబ్బా ఒకటి కరెంటును దాచుకుంటుంది. దానినుంచి మూడు లావుపాటి కేబుళ్ళు మూడు లైట్లకు వెళతాయి. ప్రతి కేబులు చివరా అయిదు ఇత్తడి పిన్నులున్న గుండ్రటి ప్లగ్గు. డబ్బాలో అయిదు రంధ్రాల సాకెట్టు. అంతే. ఆ వేసవిలో ఒక ప్లగ్గు టప్పుమని కాలిపోయింది. పిన్నులు నిలిపే లోపలి బిళ్ళ మాడి, పిన్నులు గుంటలు పడి, పనికిరాకుండా పోయింది. వారం తిరక్కుండానే రెండోదీ అలాగే పోయింది. అప్పటికి వాళ్ళ ఊరినుంచి నలభై రెండు చీరల మూట వచ్చి అల్మారాలో ఉంది.

"ఒక్క లైటుతోటి పాస్‌పోర్టు ఫొటోలు దిగొచ్చు, చీరెలు దిగయ్" అన్నారు సార్. పోచంపల్లి చీరలో దారానికి ముందే ముడులు కట్టి రంగులద్ది తర్వాత నేస్తారు. ముడి కట్టిన చోట రంగు కొద్దిగా పాకి అంచు మసకగా ఉంటుంది, అందమంతా ఆ మసకలోనే ఉంది. ఒకే లైటు ఎదురుగా కొడితే అది అచ్చు గుడ్డలా చదునుగా కనపడుతుంది. "కొత్త లైట్లు తీసుకోవచ్చు కదండీ" అన్నాను. "ముప్పై ఏండ్ల సంది గీ డబ్బతోటే ఎలుతురు ఎరుక నాకు. కొత్తదాన్ని సమజ్ చేసుకునే ఓపిక లేదు బిడ్డా. గిది లేస్తే దుకాణం ఉంటది. లేవకుంటే ఒకటో తారీకు నాడు తాళం ఓనర్ చేతుల పెట్టి ఊరికి పోత." ఆ మాట ఆయన మామూలుగానే అన్నారు. అంతకుముందే ఇంటి ఓనరు వచ్చి, ఆ గదులు ఎవరో మొబైల్ షాపుకు అడుగుతున్నారని, ఒకటో తారీకుకు ఏ సంగతో చెప్పమని అడిగి వెళ్ళాడు. ఇంకా పద్దెనిమిది రోజులున్నాయి.

కాలిన ప్లగ్గు సంచిలో వేసుకుని కోఠీ సందులన్నీ తిరిగాను. మొత్తం పదకొండు దుకాణాలు. ఏడుగురు చూడగానే తల అడ్డంగా ఊపారు. ముగ్గురు దగ్గరి చుట్టంలా ఉండే వేరే ప్లగ్గులు చూపించారు, ఒకదానికి పిన్నులు ఆరు, ఒకదానికి నాలుగు, ఒకదానికి అయిదే గాని వరస వేరు. పదకొండో ఆయన అద్దాలు పైకెత్తి, "అమ్మా, దీనికి పిన్ను దొరకడం కన్నా దీన్ని చేసిన కంపెనీవాడు దొరకడం తేలిక. ఆయన కూడా పోయాడట" అన్నాడు. తిరిగొచ్చి, ఏ దుకాణంలో ఏమన్నారో రాసుకున్న పట్టిక సార్ ముందు పెట్టాను. ఆయన చూసి, "దొరకదని ఇంత మంచిగ రాసినోళ్ళను నేను చూడలే" అన్నారు. పట్టిక మడిచి నాకిచ్చి, "దొరకకుంటే చేద్దాం. ఆటోనగర్ల జహంగీర్ ఉన్నడు, లేత్ మిషన్ మీద ఏదైన చేస్తడు. కొలత ఒక్కటి సక్కగ ఇయ్యాలె" అన్నారు.

కొలత తీయడమే కష్టం. కాలిన పిన్నులు అరిగి కొలవడానికి పనికిరావు. మిగిలిన ఒక్క మంచి ప్లగ్గును స్టూడియో గడప దాటనివ్వనన్నారు సార్. "అదొక్కటే దిక్కు. పోయిందంటే నమూనా గూడ పాయె." దాని పిన్నులు ఇనుప గొట్టంలాంటి అంచు లోపలికి ఉంటాయి, స్కేలు దూరదు. అప్పుడు ఆయన చెప్పిన ఉపాయం నాకు ఏ ప్రశ్నపత్రంలోనూ దొరకలేదు. పిన్ను చుట్టూ దారం పది చుట్లు వరసగా చుట్టు, విప్పి పొడవు చూడు, పదితో భాగించు, చుట్టుకొలత వస్తది, దానినుంచి అడ్డంకొలత నువ్వే తీస్తవు గదా అన్నారు. "సన్నదారం తీస్కో. పట్టుది." చీరల మూటలోంచి ఒక పట్టుపోగు తీసి ఇచ్చారు కూడా. అది నా వేళ్ళ మధ్య జారిపోయింది. మూడుసార్లు జారింది. ఆయన గిరాకీ చూసుకుంటుండగా మూట కట్టిన లావు నూలుదారం తీసి చుట్టాను. అది చక్కగా పట్టుకుంది. పది చుట్లకు నూట ముప్పై ఎనిమిది మిల్లీమీటర్లు. పదితోనూ, ఇరవై రెండు బై ఏడుతోనూ భాగిస్తే నాలుగు పాయింట్ నాలుగు. రెండోసారి చేశాను. అంతే. మూడోసారీ అంతే. మూడుసార్లు ఒకే జవాబు వస్తే దానికింద రెండు గీతలు గీయడం నాకు అలవాటు. గీశాను.

మర్నాటి నుంచి బస్సుల సమ్మె. కొలత ఫోన్లోనే చెప్పాను. "నాలుగు పాయింట్ నాలుగా అక్కా?" అని జహంగీర్ భాయ్ రెండుసార్లు అడిగాడు. "అవునండీ, మూడుసార్లు చూశాను" అన్నాను. అయిదు రోజుల తర్వాత స్కూటరు మీద అటునుంచి వస్తున్న ఎవరి చేతికో ఇచ్చి పంపాడు: రెండు అదనంగా పన్నెండు ఇత్తడి పిన్నులు, రెండు బేకలైట్ బిళ్ళలు. పిన్నులు బంగారు ముక్కల్లా మెరుస్తున్నాయి. డబ్బా ముందు కూర్చుని ఒకటి సాకెట్టులో పెట్టాను. కొస దగ్గరే ఆగింది. ఇంకోటి పెట్టాను. అదీ అంతే. బొటనవేలితో నొక్కబోతుంటే, "జబర్దస్తీ చెయ్యకు. సాకెట్ పగిలిందంటే ఇగ డబ్బ కత అయిపాయె" అని సార్ నా చెయ్యి పట్టుకున్నారు.

ఒకటో తారీకు ఎనిమిది రోజుల్లో ఉంది. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "ఇక్కడి వాళ్ళ పని ఇంతే సార్. చెప్పిన కొలత చెప్పినట్టు చెయ్యడం చేతకాదు. మా తెనాలిలో లేతు మీద ఇలా చేస్తే ఊరుకుంటారా?" అన్నాను. సార్ లెన్సు తుడిచే గుడ్డ మడిచి పక్కన పెట్టారు. "నువ్వు చుట్టిన దారం ఉన్నదా?" అని మాత్రం అడిగారు.

ఇచ్చాను. వేళ్ళతో నలిపి చూశారు. "గిది పట్టుది గాదు గదా." "జారుతోందని నూలుది తీశానండీ." ఆయన బీరువాలోంచి పెద్ద కుట్టుసూది ఒకటి తీసి, దాని మీద ఆ దారాన్ని చుట్టుకు చుట్టు ఆనేలా చుట్టడం మొదలుపెట్టారు. నేసేవాళ్ళ వేళ్ళు అవి. ఒక్క సందు లేదు. స్కేలు పక్కన పెట్టి, సెంటీమీటరు నిండేదాకా చుట్టి, "ఎన్నయినయ్, లెక్కపెట్టు" అన్నారు. ఇరవై అయిదు. పది మిల్లీమీటర్లను ఇరవై అయిదుతో భాగించాను. పాయింట్ నాలుగు. అప్పటికీ నాకు తట్టలేదు. ఆయనే చెప్పారు, సూదిని నిలువుగా పట్టుకుని, మెల్లగా: "నువ్వు కొలిచింది ఉత్త పిన్ను గాదు బిడ్డా. అటు సగం దారం, ఇటు సగం దారం, నడుమల పిన్ను. దారం మందం గూడ నీ కొలతల కలిసింది." నాలుగు పాయింట్ నాలుగులోంచి పాయింట్ నాలుగు తీస్తే నాలుగు. సరిగ్గా నాలుగు. నేను రెండు గీతలు గీసింది తప్పు జవాబు కింద.

తల ఎత్తలేకపోయాను. ఆయన సూది మీది దారం విప్పుతూ అన్నారు: "నా దిక్కెల్లి గూడ తప్పున్నది. సన్నది తీస్కోమన్న గని, ఎందుకో చెప్పలే. లెక్క తప్పినప్పుడు ముందుగాల మన దిక్కెల్లి ఎంత కలిసిందో చూడాలె. అది తీసేసినంక గదా, ఎదుటోనిది ఎంతనో తెలిసేది." ఇక్కడివాళ్ళు అని నేనన్న మాట ఆయన ఎత్తలేదు. ఆ రోజూ ఎత్తలేదు, ఆ తర్వాత ఎన్నడూ ఎత్తలేదు. ఎత్తి ఉంటే వాదించేదాన్నేమో.

మర్నాడు పన్నెండు పిన్నులూ సంచిలో వేసుకుని ఆటోనగర్‌కు నడిచి బయల్దేరాను. ఫోన్లో చెప్పొచ్చు. చెప్పాలనిపించలేదు. కొత్తపేట దాటాక ఎల్బీనగర్ చౌరస్తాలో విజయవాడ రోడ్డు మొత్తం ఉద్యమంవాళ్ళు మూసేసి వంటావార్పు చేస్తున్నారు. రోడ్డు మధ్యలో పొయ్యిలు, పొయ్యిల మీద గుండిగలు, పక్కన పాటలు. పక్కకు తప్పుకుని పోతుంటే ఒకావిడ విస్తరాకు చేతిలో పెట్టేసింది. "తిని పో చెల్లె. ఏ ఊరు?" "గడ్డిఅన్నారం" అన్నాను. అబద్ధం కాదు. ఆమె నా మాట తీరు విని నవ్వింది. "గది నువ్వు బస్సు ఎక్కే ఊరు. నీ అసలు ఊరేంది?" "తెనాలి దగ్గర" అన్నాను. చుట్టూ ఇద్దరు ముగ్గురు తిరిగి చూశారు. ఆమె గరిటె మళ్ళీ గిన్నెలో ముంచింది. "ఏయ్, గుంటూరు దిక్కోళ్ళకు గీ కారం ఏడ ఆన్తది, ఆ తొక్కు ఇంకింత ఎయ్యున్రి ఈమెకు!" అంది. అందరూ నవ్వారు. ఆ పచ్చడి కళ్ళలో నీళ్ళు వచ్చేంత కారం. ఎవరేమన్నారో మనసులో లెక్క పెట్టుకున్న ఆ రోజుల్లో ఇలాంటి ఆదరణలు ఎన్ని ఉన్నాయా అని నడుస్తూ వెతికాను. ఉన్నాయి. వాటిని ఎన్నడూ లెక్కలోకి తీసుకోలేదంతే.

జహంగీర్ భాయ్ నాకంటే చిన్నవాడు, చేతులనిండా ఇనుప రజను. నేను పిన్నులు బల్ల మీద పెట్టి, తప్పు నాదేనని, దారం మందం తీసెయ్యడం మరిచానని చెప్పాను. అతను వెర్నియర్ తీసి ఒక్కొక్క పిన్నూ నాకే చూపించాడు. పన్నెండూ నాలుగు పాయింట్ నాలుగే, ఒక్కటి కూడా వెంట్రుకవాసి అటూ ఇటూ కాదు. "నాకు డౌట్ వచ్చింది అక్కా. ఫోర్ పాయింట్ ఫోర్ పిన్ను నేను ఏడ చూడలే. ఫోర్ ఉంటది, ఫైవ్ ఉంటది. గని సార్ ముందే చెప్పిన్రు, ఆ అమ్మ లెక్కల మనిషి, ఆమె చెప్పినంక ఇగ సోంచాయించకు అని. అందుకే చేసేసిన."

ఆ మాట నేను తిన్న కారం కంటే ఘాటుగా తగిలింది. ఇంకొకటి కూడా చెప్పక తప్పలేదు. "ఇవి పట్టకపోతే నేను మిమ్మల్ని అన్నాను భాయ్. ఇక్కడి వాళ్ళకు పని చేతకాదన్నాను. సార్ ముందే అన్నాను." అతను లేత్ ఆపి నావైపు చూశాడు. "సార్ నాకేం చెప్పలే." "చెప్పరు. అందుకే నేను చెప్తున్నాను." "ఇదెక్కడి పరేషాన్ అక్కా! తిట్టినట్టు నాకు తెల్వనే తెల్వదు. ఇప్పుడు మీరొచ్చి చెప్పి మాఫీ అడుగుతున్నరు. నాకు కోపం రావాల్నా, పోవాల్నా?" అని పకపకా నవ్వి, ఒక పిన్ను లేత్‌కు బిగించాడు. "ఎక్కువున్నది గీకొచ్చు. తక్కువుంటేనే పారెయ్యాలె. మీ తప్పు మంచి తప్పు." రెండు గంటల్లో పన్నెండూ నాలుగుకు దిగాయి. అడగకుండానే స్కూటరు తీశాడు. "ఎక్కున్రి. లెక్క మీది, పని నాది, ఫిట్టింగ్ ఇద్దరం చేద్దాం." చౌరస్తా తప్పించి కాలనీల లోపల్లోపలి నుంచి తీసుకెళ్ళాడు.

స్టూడియో చేరేసరికి కరెంటు లేదు. పిన్నులు బిళ్ళల్లో బిగించి, తీగలు అతికి, ముగ్గురం చాయ్ తాగుతూ కూర్చున్నాం. కరెంటు వచ్చాక సార్ మొదటి ప్లగ్గు నా చేతికిచ్చారు. "ఎడమ చెయ్యి ఈపు ఎనకకు పెట్టుకో. గీ డబ్బల కరెంటు ఆపినంక గూడ ఉంటది. ఒక్క చెయ్యే ఇయ్యాలె దానికి, రెండు ఇయ్యొద్దు." ఒంటి చేత్తో పెట్టాను. పిన్నులు అయిదూ ఒక్క మెత్తటి శబ్దంతో లోపలికి వెళ్ళాయి. రెండోది జహంగీర్ భాయ్ పెట్టాడు. డబ్బా సన్నగా కూతపెట్టి ఎర్రదీపం వెలిగింది. సార్ మూటలోంచి పైనున్న చీర తీసి పరిచి, మీట నొక్కారు. మూడు లైట్లూ ఒక్కసారే వెలిగాయి. ఆయన మాకేసి చూడలేదు. కెమెరా తెర మీద చీర అంచును పెద్దది చేసుకుని చాలాసేపు చూశారు. "రంగు పాకిన కాడ కనవడ్తున్నది" అన్నారు. అంతే అన్నారు. నలభై రెండు చీరలూ అయిదు రోజుల్లో పూర్తయ్యాయి. ఒకటో తారీకున ఓనరు మెట్లెక్కి వస్తే, "ఖాళీ చేస్తలేను సేఠ్. మొబైల్ షాపాయనకు ఇంకో జాగ చూపియ్యి" అని చెప్పి పంపేశారు.

ఆ తర్వాత ఆరేళ్ళు ఆ స్టూడియో నడిచింది. రాష్ట్రం వచ్చిన రోజు సార్ మిఠాయి పొట్లం నా బల్ల మీద పెట్టి, "తింటవా, లేకుంటే లెక్కపెడ్తవా?" అన్నారు. రెండూ చేశాను. పాత సెట్లున్న స్టూడియోల వాళ్ళు ఒకరిని చూసి ఒకరు ప్లగ్గులు పట్టుకుని రావడం మొదలైంది. జహంగీర్ భాయ్ పిన్నులు తీస్తాడు, నేను కొలతలు తీసి బిళ్ళలు కోసి అతుకుతాను. సార్ గుండె ఆగి చనిపోయిన ఏడాది నేను ఎల్బీనగర్‌లో సొంతంగా ఈ దుకాణం పెట్టాను.

ఇప్పుడు నా దగ్గర డిజిటల్ వెర్నియర్ ఉంది. మిల్లీమీటరులో వందో వంతు చూపిస్తుంది, దారంతో పని లేదు. అయినా ఒక్కొక్క ప్లగ్గుకూ నేను రాసుకునే కాగితంలో, పిన్ను మందం, పొడవు, రంధ్రాల దూరం అన్నీ అయ్యాక చివర ఒక గడి ఉంటుంది. దాని తలకట్టు ఆయన మాటల్లోనే ఉంచాను: మన దిక్కెల్లి. అంటే మన వైపు నుంచి ఎంత తప్పు కలిసిందో అని. పెట్టిన వస్తువు పట్టలేదని ఎవరైనా తిప్పి పంపినా, జహంగీర్ భాయ్ చేసిన పిన్ను సరిపోకపోయినా, ఎవరినీ ఏమీ అనకముందు ఆ గడి నింపుతాను. చాలా రోజులు అందులో సున్నా పడుతుంది. పడని రోజున ముందుగా ఫోన్ చేసేది నేనే.